స్ట్రిప్పు కత్తిరించే ముందు అడిగే మందుల షాపు (హనుమకొండ, సుబేదారి)

మేము మందులు కొనే ఈ షాపు చాలా చిన్నది. సాయంత్రం ఆరు దాటితే గాజు బల్ల ముందు నిలబడటానికి చోటుండదు. అయినా రక్తం పలచబడే మందులు వాడేవారు ఇంట్లో ఉంటే ఇక్కడికే వెళ్లమని చెబుతాను, ఎందుకంటే నొప్పి గోలీ అడిగిన వారిని ఇక్కడి ఫార్మసిస్టు ముందుగా ఒక మాట అడిగి తెలుసుకుంటారు.

ఇటీవల నా ముందు నిలబడ్డ పెద్దాయన కాంబిఫ్లామ్ అడిగితే, "ఎవరికి బాపూ? రక్తం పల్చగయ్యే గోలీలు గిట్ల వాడుతున్నరా?" అన్నారు. ఆయన భార్యకు గుండె కవాటం మార్చారనీ, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎసిట్రోమ్ నడుస్తోందనీ తెలియగానే స్ట్రిప్పు వెనక్కి తిప్పి, పారాసిటమాల్ 325 పక్కనే ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు అని ఉన్న సన్నటి అక్షరాలు చూపించి, దాన్ని మళ్లీ అరలో పెట్టేశారు. అమ్మకం పోయినా ఫరవాలేదనుకునే షాపులు మన దగ్గర తక్కువ. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్పును చీటీ లేకుండా ఇవ్వకూడదన్న నియమం ఎన్ని కౌంటర్ల మీద నడుస్తోందో అందరం చూస్తున్నదే.

ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటివి నొప్పిని తగ్గించే క్రమంలోనే కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను తగ్గిస్తాయి, రక్తం ఆగడానికి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్నీ మందగింపజేస్తాయి. అప్పటికే గడ్డకట్టే గుణం తగ్గించి ఉన్న రక్తం, ఆ పొర మీద పుండు పడితే ఒక పట్టాన ఆగదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె సరిగ్గా ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ పరీక్ష ప్లేట్‌లెట్ల పనితీరును గానీ కడుపులోని పుండును గానీ చూపదు. రక్తం పలచబడేందుకే ఇచ్చే ఎపిక్సాబాన్, రివరోక్సాబాన్ వాడేవారికి ఆ పరీక్షే అవసరం లేదు కాబట్టి ఈ జాగ్రత్తా అక్కర్లేదని కొందరు అనుకుంటారు. నొప్పి మాత్ర కలిస్తే వారికీ రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. తలనొప్పికి వేసుకునే డిస్ప్రిన్ కూడా ఇదే కోవకు చెందిన ఆస్పిరినే.

పెద్దాయనకు పారాసిటమాల్ 500 ఇస్తూ, అదీ రోజుల తరబడి వాడొద్దని ఫార్మసిస్టు చెప్పిన తీరు నాకు నచ్చింది. రోజుకు నాలుగు చొప్పున కొన్ని రోజులు వరుసగా వేసుకుంటే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారిలో ఐఎన్ఆర్ పెరగవచ్చు. ఈ సంగతి చీటీ రాసే చోట కూడా ఎప్పుడూ వినబడదు. మోకాలికి రాసే డైక్లోఫినాక్ జెల్ నుంచి ఒంట్లోకి చేరే మందు తక్కువే అయినా, డాక్టరును అడిగే రాయమన్నారు. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రంలో రక్తం కనబడినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లమని పాకెట్ మీద రాసి మరీ ఇచ్చారు.

లోపాలూ ఉన్నాయి. అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు. రద్దీ వేళ కౌంటర్లో ఉండే కుర్రాడికి ఫార్మసిస్టుకున్నంత ఓపిక లేదు; నాలుగు గోలీలు అడిగితే స్ట్రిప్పును ఎటు పడితే అటు కత్తిరించి, మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్కను షాపులోనే ఉంచుకుంటాడు. ఇంట్లో రెండు మూడు రకాల మాత్రలు వాడేవారు మాత్రం పూర్తి స్ట్రిప్పే అడిగి తీసుకోవడం మేలు. ఐదింటికి నాలుగు ఇస్తున్నాను.