లిథియం బ్యాటరీకి టీ క్లాస్ ఫ్యూజ్: మూడేళ్ల తర్వాత

సోంపేట దగ్గర మా ఇంట్లో 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఒక చిన్న ఇన్వర్టర్ ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి రోజుల తరబడి చీకట్లో ఉన్నాక, ఇక ఉండలేక కొన్నవి. బ్యాటరీ బాగుంది. నేను చెప్పాలనుకున్నది దాని ప్లస్ టెర్మినల్ పక్కనున్న ఫ్యూజ్ గురించి.

మొదట్లో కారు ఆడియో షాపులో దొరికే 100 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. దాని మీద ఆ అంకె తప్ప ఇంకేమీ రాసి లేదు. ఒక వానాకాలం రాత్రి ఇన్వర్టర్‌లో మాస్‌ఫెట్లు (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) షార్ట్ అయ్యి, ఢామ్మని శబ్దం. "ఏటైందిరా?" అంటూ అమ్మ లేచి వచ్చింది. టార్చి వేసి చూస్తే ఫ్యూజ్ తెగింది, నిజమే. కానీ ప్లాస్టిక్ మూత లోపలంతా నల్లగా మాడి, కరిగిన లోహం మిరప గింజల్లా అందులోకి దిగబడి ఉంది. ఒక మూల చిల్లు కూడా పడింది. ఆ డబ్బా బిగించింది చెక్క పలకకి! ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో చూసుకుంటే చాలదు, ఎంత కరెంటుని తెంచగలదో కూడా చూడాలి. ఈ బ్యాటరీల లోపలి రెసిస్టెన్స్ కొద్ది మిల్లీ ఓమ్‌లే. 5 అనుకున్నా, షార్ట్ అయితే 2,500 ఆంపియర్లు దాటుతుంది. బళ్లలో వాడే బ్లేడ్ ఫ్యూజ్ తెంచగలిగేది 1,000. బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్, బీఎంఎస్, ఆపుతుంది కదా అంటారు, అందులో ఉండేవీ మాస్‌ఫెట్లే, అవీ షార్ట్ కావొచ్చు. మా మేస్త్రీ, ఇంటి మెయిన్ బోర్డులో ఉండే ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టేద్దామన్నాడు. ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి అక్కడ ఆర్క్ (తెగిన చోట గాలిలో మండే మెరుపు) ఆరిపోతుంది, డీసీలో ఆ వీలు లేదు. టీ క్లాస్ ఫ్యూజ్ 20,000 ఆంపియర్ల వరకు తెంచుతుంది, లోపలి ఇసుక ఆర్క్‌ని ఆర్పేస్తుంది. నా లోడు 55 ఆంపియర్లు. నాలుగో వంతు కలుపుకుని, 16 స్క్వేర్ ఎంఎం వైరుకి 80ది తీసుకున్నాను.

ఏడాది తర్వాత, ఇన్వర్టర్ టెర్మినళ్లు తుడుస్తుంటే స్పానర్ జారి ప్లస్, మైనస్‌ల మీద అడ్డంగా పడింది. టప్. అంతే! స్పానర్ మీద బియ్యపు గింజంత గుంట పడింది. ఫ్యూజ్ మీద మచ్చ కూడా లేదు. మల్టీమీటర్ పెడితేగానీ పోయిందని తెలియలేదు. ఆ క్షణంలో దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ ఉత్సాహంలో అడిగినవాళ్లందరికీ "పెట్టేసి మర్చిపోండి" అని చెప్పాను. ఇప్పుడైతే అలా చెప్పను. స్పేర్ లేక, ఆన్‌లైన్‌లో కొత్తది వచ్చేదాకా తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది. ధర కూడా కారు ఫ్యూజ్‌కి ఎన్నో రెట్లు. పోయిన వేసవిలో హోల్డర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. చూస్తే సముద్రపు గాలికి వైరు చివరి లగ్ (నట్టు కింద బిగించే రాగి కొస) పచ్చగా చిలుము పట్టి, నట్టు వదులైంది. లోడు మామూలుగానే ఉంటే కరెంటు పెరగదు కాబట్టి, ఎంత మంచి ఫ్యూజయినా ఆ వేడిని పసిగట్టలేదు. ఇప్పుడు రెండు నెలలకోసారి బ్యాటరీ స్విచ్ ఆపేసి నట్లు బిగిస్తున్నాను.

ఒక్క బ్యాటరీ ఉన్నవాళ్లకి, 32 వోల్టుల దగ్గర 6,000 ఆంపియర్లు తెంచగలదని ముద్రించిన అసలైన ఏఎన్ఎల్ రకం ఫ్యూజ్ సరిపోతుందేమో. నేను మాత్రం ఇంకో బ్యాటరీ పారలల్‌గా కలుపుదామనుకుంటున్నాను, అప్పుడు షార్ట్ కరెంటు ఇంకా పెరుగుతుంది. పైగా ఆ చెక్క పలక ఉన్నది అమ్మ పడుకునే గది గోడకే.