పాత ప్లేటింగ్ ఫ్యాక్టరీ నేలను శుభ్రం చేయించాం: ఐదుకి నాలుగు

క్రోమ్ ప్లేటింగ్, అంటే లోహపు సామాన్లకి క్రోమియం పూత వేసే ఫ్యాక్టరీ నడిచిన స్థలాన్ని ఇళ్లు కట్టడానికి మేం నలుగురం కలిసి కొన్నాం. మూతపడి చాలా ఏళ్లయింది, గడ్డి మొలిచింది, చూస్తే మామూలు ఖాళీ స్థలమే. కింద ఏముందో తేల్చి శుభ్రం చేయమని ఒక ఇంజనీరింగ్ సంస్థకు ఇచ్చాం. ఫిర్యాదులూ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

వీళ్లకంటే ముందు ఇంకొకరు వచ్చి, పది చోట్ల మట్టి తీసి, అంతా ఒక బకెట్లో కలిపి, ఒకే శాంపిల్ ల్యాబ్‌కి పంపి "అంతా నార్మల్" అని రిపోర్ట్ ఇచ్చారు. అలా కలిపితే ఒక్క చోట గట్టిగా ఉన్న విషం మిగతా తొమ్మిది చోట్ల మట్టిలో పలచబడిపోతుంది, ఆవిరయ్యే కెమికల్స్ అయితే కలిపేటప్పుడే గాల్లోకి పోతాయి. ఎవరైనా ఇలా చేస్తుంటే అక్కడే ఆపించండి.

ఈ సంస్థ వాళ్లు మొదటి నెలంతా మిషన్ తేలేదు. పాత ప్లాన్లు అడిగారు, తొట్లు ఎక్కడుండేవి, కాలవ ఎటు పోయేది అని ఆరా తీశారు, అక్కడ పనిచేసిన వాళ్లని వెతికి మాట్లాడారు. నాకు టెన్షన్ వచ్చి ఎప్పుడు మొదలుపెడతారని గట్టిగానే అడిగాను. కానీ ఆ మాటల్లోనే తేలింది, ప్లేటింగ్‌కి ముందు సామాన్ల జిడ్డు వదిలించే కెమికల్ పాతబడితే స్టోర్ రూమ్ వెనక గుంటలో పోసేవాళ్లట. ఏ ప్లాన్‌లోనూ ఆ గుంట లేదు. అక్కడ బోరు వేస్తే ఆ జిడ్డు వదిలించే కెమికలే, ట్రైక్లోరోఇథిలీన్, దొరికింది. ఇది పెట్రోల్‌లా భూగర్భ జలం మీద తేలదు, నీటికంటే బరువు, బంకమట్టి పొర అడ్డొచ్చేదాకా కిందికి దిగుతూనే ఉంటుంది. దాని ఆవిరి నేల పగుళ్లలోంచి ఇళ్లలోకి వస్తుంది. పైపైన రెండడుగులు తవ్వి పరీక్షించి ఉంటే మాకు తెలిసేదే కాదు. నా నాలుగు స్టార్లలో మూడు ఆ ఒక్క నెల పనికే.

శాంపిళ్లు తీసే పద్ధతి కూడా నచ్చింది. నీళ్లని గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐస్‌లో పెట్టి, సీసా చేతులు మారినప్పుడల్లా సంతకం తీసుకున్నారు.

మాలో ఒకాయన కొత్త మట్టి పోసి కట్టేద్దాం అన్నారు. అమెరికాలో లవ్ కెనాల్ దగ్గర పూడ్చిపెట్టిన రసాయనాల మీద బడి, పక్కనే ఇళ్లు కట్టారు. 1978లో ఎమర్జెన్సీ ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ గొడవతోనే 1980లో ఇలాంటి విషపు స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం అక్కడ వచ్చింది. అది చదివి వినిపించాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మట్టంతా తవ్వి లారీల్లో పంపేస్తామని వీళ్లు అనలేదు, అది విషాన్ని ఇంకోచోటికి మార్చడమే. తొట్ల కింద బాగా పాడైన మట్టి మాత్రం తీసి, ప్రమాదకర వ్యర్థాలకు లైసెన్స్ ఉన్న చోటికి పంపారు. నీళ్లలోకి దిగిన హెక్సావలెంట్ క్రోమియంకి (క్రోమియం విష రూపం ఇది) ఫెర్రస్ సల్ఫేట్ ఎక్కించారు, దాంతో అది అంతగా హాని చేయని ట్రైవాలెంట్ రూపంలోకి మారి మట్టిలోనే గట్టిపడి ఉండిపోతుంది. గుంట వైపు పైమట్టిలోని ఆవిరిని పంపులతో లాగి బొగ్గు ఫిల్టర్లలో పట్టారు, కింద నీళ్లలోని ట్రైక్లోరోఇథిలీన్‌ను విరగ్గొట్టడానికి పర్మాంగనేట్ అనే ఊదా రంగు కెమికల్ పంపారు. ఇక్కడే వీళ్ల అనుభవం తెలిసింది: పర్మాంగనేట్ తగిలితే మార్చిన క్రోమియం మళ్లీ పాత విష రూపంలోకి వెళ్లగలదు. అందుకే రెండు పనులూ దూరదూరంగా ఉంచి, మధ్యలో పరీక్ష బావులు వేసి, ఆ ఊదా రంగు క్రోమియం వైపు వస్తోందా అని చూస్తూ ఉన్నారు.

ఇక ఫిర్యాదులు. ఆరు నెలలన్నది పద్నాలుగు నెలలైంది. నీళ్లలో విషం లెక్కలు తగ్గాయని పని ఆపగానే మళ్లీ పెరిగాయి, ఎందుకంటే బంకమట్టిలో ఇంకిపోయిన కెమికల్ మెల్లగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. అది వీళ్ల తప్పు కాదు, కానీ ఇలా జరగొచ్చని సంతకాలకు ముందే చెప్పాలి కదా, బ్యాంకు వడ్డీ మేం కట్టుకున్నాం. తవ్విన మొదటి వారం నీళ్లు చల్లలేదు, టార్పాలిన్లు కప్పలేదు, పక్కిళ్ల వాళ్లు వచ్చి అడిగాకే సరిచేశారు. ఆ దుమ్ములో ఏముందో తెలిసిన వాళ్లు అలా చేయకూడదు. రిపోర్ట్ మూడొందల పేజీలు, మాకు అర్థమయ్యే పేజీ ఒక్కటీ లేదు.

ఇప్పుడు మూడు నెలలకోసారి బావుల నీళ్లు పరీక్షిస్తున్నారు. ఇళ్ల ఫ్లోరింగ్ కింద ఆవిరి రాకుండా షీటు, గాలి బయటికి పోయే పైపులు వస్తాయి. తాగునీటి బోరు వేయకూడదని దస్తావేజుల్లోనే రాయిస్తున్నాం, గుంట ఉన్న మూల పార్కింగ్‌కి వదిలేశాం. ఆ మూల బావిలో లెక్క ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. వచ్చే నెల ఇంకో విడత పర్మాంగనేట్ పంపుతారు, ఒప్పందం ప్రకారం ఆ ఖర్చు వాళ్లదే.