ఫైబ్రాయిడ్లు: గడ్డను తీయించాలా, ఎండగట్టించాలా, గర్భసంచినే తీయించాలా?

స్కానింగ్ రిపోర్టులో ఫైబ్రాయిడ్ అన్న మాట కనబడగానే చాలామంది మొదట చూసేది దాని పక్కనున్న సెంటీమీటర్ల అంకెనే. చికిత్స ఎంపికలో అంతకన్నా ముందు తేలవలసినవి గడ్డ ఎక్కడ ఉంది, ఏ బాధ కలిగిస్తోంది అన్న రెండు విషయాలు. గర్భాశయ కుహరంలోకి, అంటే లోపలి ఖాళీలోకి, చొచ్చుకువచ్చిన రెండు సెంటీమీటర్ల గడ్డ ప్రతి నెలా అధిక రక్తస్రావంతో స్త్రీని రక్తహీనతలోకి నెట్టగలదు; బయటి గోడ మీద పెరిగిన ఆరు సెంటీమీటర్ల గడ్డ ఏళ్ల తరబడి తన ఉనికినే తెలియనివ్వకపోవచ్చు.

ఇవి గర్భాశయ కండరంలో పుట్టే గడ్డలు, క్యాన్సర్ కావు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల అండతో పెరుగుతాయి కనుక ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. బాధ లేనప్పుడు ఏ చికిత్సా తీసుకోకుండా గమనిస్తూ ఉండటం నిర్లక్ష్యం కాదు, అదీ ఒక వైద్య నిర్ణయమే. అయితే ముట్లుడిగిన తరువాత కూడా గడ్డ పెరుగుతుంటే మాత్రం క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ట్రనెక్సామిక్ ఆమ్లం నెలసరి రోజుల్లో రక్తస్రావాన్ని తగ్గిస్తుంది కానీ గడ్డను తగ్గించదు. గడ్డను కుదించే హార్మోన్ ఇంజెక్షన్లు ఎముకలను పలచబరుస్తాయి, ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. అందుకే వాటిని ఎక్కువగా ఆపరేషన్‌కు ముందు కొద్ది నెలలు వాడి, ఆలోగా హీమోగ్లోబిన్ పెంచుకుంటారు.

అసలు తర్జనభర్జన మిగిలిన మూడింటి మధ్యనే. గడ్డను మాత్రమే తీసే మయోమెక్టమీలో గర్భాశయం నిలుస్తుంది కాబట్టి పిల్లలు కావాలనుకునేవారికి మొదట చూడవలసిన దారి ఇదే. గడ్డ కుహరంలోనే ఉంటే హిస్టరోస్కోపీతో, అంటే యోని ద్వారా కెమెరా గొట్టం పంపి, పొట్ట మీద కోత లేకుండానే తీయవచ్చు. గోడలో లోతుగా ఉంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ గానీ, పొట్ట కోసి చేసే ఆపరేషన్ గానీ అవసరమవుతుంది, ఆ గాటు లోతును బట్టి తరువాతి కాన్పుకు సిజేరియన్ సూచించవచ్చు. దీని లోపం ఏమిటంటే, తీసినవి పోయినా కొత్తవి పుట్టవచ్చు.

రెండవది ఎంబొలైజేషన్, అంటే గజ్జ లేదా మణికట్టు దగ్గరి ధమని నుండి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం తీసుకుపోయే నాళాలను సూక్ష్మమైన రేణువులతో మూసివేయడం. నీరందని మొక్కలా గడ్డ కొన్ని నెలల్లో కుదించుకుపోతుంది. పొట్ట మీద కోత ఉండదు, త్వరగా పనుల్లో పడవచ్చు. అయితే మొదటి రోజు నొప్పి తీవ్రంగానే ఉంటుంది, ఆ మాట ముందే చెప్పడం న్యాయం. నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతిని గర్భాశయ తొలగింపుతో పోల్చిన పరిశోధనలో, ఎంబొలైజేషన్ చేయించుకున్నవారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి పదేళ్లలోపు గర్భాశయం తీయవలసి వచ్చింది. దీన్ని వైఫల్యమనడం తొందరపాటు, ఎందుకంటే మిగిలిన రెండు వంతుల మంది పెద్ద ఆపరేషన్ తప్పించుకున్నారు. బ్రిటన్‌లో 254 మంది స్త్రీలపై జరిగి 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం మయోమెక్టమీ, ఎంబొలైజేషన్ రెండూ ఉపశమనం ఇచ్చినా, రెండేళ్ల తరువాత జీవన నాణ్యతలో మయోమెక్టమీదే పైచేయి. గర్భం కోరుకునేవారికి ఎంబొలైజేషన్‌ను సాధారణంగా మొదటి ఎంపికగా సూచించరు.

మూడవది హిస్టరెక్టమీ, అంటే గర్భసంచినే తీసివేయడం; గడ్డలు తిరిగి రాకుండా చేసేది ఇది ఒక్కటే. పిల్లలు చాలనుకుని, మందులతో విసిగి, రక్తహీనతతో నీరసించిన స్త్రీకి ఇది నిజమైన విముక్తి కావచ్చు; ఆమెను వద్దని వారించడం కూడా సరికాదు. నా అభ్యంతరమల్లా ఇతర దారులు వివరించకుండా దీన్నే మొదట ప్రతిపాదించడం మీద, మరీ ముఖ్యంగా "ఎలాగూ తీస్తున్నాం కదా" అంటూ ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను కూడా కలిపి తీసివేయడం మీద. అండాశయాలు ఉంచితే నెలసరి ఆగినా హార్మోన్లు అందుతూనే ఉంటాయి, రజోనివృత్తి కొంచెం ముందుగా రావచ్చు అంతే. ముట్లుడగక ముందే రెండు అండాశయాలనూ తీసివేస్తే రజోనివృత్తి ఒక్కసారిగా వచ్చిపడి, ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది. కనుక సమ్మతి పత్రంపై సంతకం చేసేముందు, అందులో గర్భాశయం ఒక్కటే రాసి ఉందా, అండాశయాల పేరు కూడా ఉందా అని చదివి, ఉంటే కారణం అడిగి తెలుసుకోవాలి.