విశాఖ ఎత్తుపల్లాల్లో మొదటి బండిగా స్ప్లెండర్ ప్లస్

గేర్ బండి నేర్చుకుందామని హీరో స్ప్లెండర్ ప్లస్ కొన్నాను. ఏళ్లుగా మురళీనగర్ నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా గాజువాక ఆఫీసుకి దాని మీదే తిరుగుతున్నాను. కొనేటప్పుడు ఫ్రెండ్సంతా 150 సీసీకి తగ్గొద్దన్నారు. నాకు మాత్రం బండి పక్కకి ఒరిగితే కాలితో ఆపుకోగలనా లేదా అన్నదే లెక్క. దీని బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మి.మీ. పొట్టివాళ్లకి కూడా రెండు కాళ్లూ నేలకి ఆనతాయి.

మధురవాడ వైపు ఖాళీ లేఅవుట్‌లో మా బావ నేర్పాడు. చదును మీద గేర్లు తొందరగానే వచ్చేశాయి. నాలుగూ ముందుకి నొక్కడమే, తగ్గించాలంటే మడమతో వెనక్కి. అసలు టెన్షన్ ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడం. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంచి, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కి బండి ముందుకి లాగుతుంది. అక్కడ చెయ్యి ఆపి, కాస్త రేజ్ (యాక్సిలరేటర్) ఇచ్చి, బ్రేకు వదలాలి. ‘రేజ్ తర్వాత ఇద్దువులేరా, ముందు క్లచ్ పట్టుకోనీ’ అని బావ అరుపులు. ఈ బండి తక్కువ వేగంలో బాగా లాగుతుంది కాబట్టి కొత్తవాళ్ల చేతిలో కూడా ఊరికే ఆగిపోదు.

అయితే దీనికి ఐ3ఎస్ అనే పెట్రోలు పొదుపు స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే న్యూట్రల్‌లో కొన్ని సెకన్లకి ఇంజను దానంతట అదే ఆగుతుంది, క్లచ్ నొక్కితే మళ్లీ స్టార్టవుతుంది. సిగ్నళ్ల దగ్గర పెట్రోలు మిగులుతుంది గానీ, నేర్చుకునే రోజుల్లో ఆ స్విచ్ ఆపేసుకోవడమే సుఖం.

97.2 సీసీ కదా, ఇద్దరం ఎక్కి సింహాచలం ఘాట్ ఎక్కితే రెండో గేరుకి దిగాల్సిందే. హైవే మీద లారీని దాటాలంటే ముందు చాలా ఖాళీ చూసుకోవాలి. మైలేజీ నాకు లీటరుకి 60కి తగ్గలేదు.

ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ ఏ బండికైనా నట్లు, సైలెన్సర్ తుప్పుపడతాయి. దీనికి చైను మొత్తం కేసులోపల ఉంటుంది కాబట్టి అది కాస్త బతికింది. బీచ్ రోడ్డులో తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి తుడుస్తాను.

రోజూ వెనక ఒకర్ని ఎక్కించుకునేవాళ్లు, అనకాపల్లి దాకా పోయొచ్చేవాళ్లు 125 సీసీ చూసుకోండి. టెస్ట్ రైడ్‌కి చదును రోడ్డు మీద ఒక రౌండుతో సరిపెట్టుకోకుండా, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఏదైనా ఎత్తు ఎక్కించి చూస్తామని అడగండి.