పెళ్లి వీడియో టీవీలో రావాలంటే: కేబులా, డీఎల్‌ఎన్‌ఏనా, జెల్లీఫినా?

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా పాత లాప్‌టాప్‌ను టీవీ వెనక అరలో పెట్టి వచ్చాను. అక్క పెళ్లి డీవీడీలు, నాన్న ఇన్నేళ్లుగా రికార్డు చేసుకున్న పద్య నాటకాల క్యాసెట్లు, ఇరవై ఏళ్ల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మ రిమోట్‌తో తనే పెట్టుకుని చూస్తోంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. పిన్ని అడిగింది, ఆఫీసులో ఇద్దరు అడిగారు, డాలస్‌లో ఉన్న బావగారు కూడా అడిగారు: "మావీ అన్నీ కంప్యూటర్‌లోనే పడున్నాయి, టీవీలో చూడాలంటే ఏం పెట్టుకోవాలి?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే ఒకసారి కూర్చుని రాయడం నయమనిపించింది.

స్మార్ట్ టీవీ, వైఫై, ఒక కంప్యూటర్ ఉన్నాయన్న లెక్కతోనే చెబుతున్నాను.

నేను అన్నిటినీ ఒక్క ప్రశ్నతో తూచాను. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నప్పుడు, మధ్యాహ్నం మూడింటికి అమ్మకు అక్క పెళ్లి చూడాలనిపిస్తే, ఎవరికీ ఫోన్ చేయకుండా పెట్టుకోగలదా? అరగంట చూసి వంటింట్లోకి వెళ్లి, మర్నాడు మళ్లీ అక్కడి నుంచే చూడగలదా? బొమ్మ స్పష్టత, వేగం, ఖర్చు వగైరా అన్నీ నాకు దీని తర్వాతే.

హెచ్‌డీఎంఐ కేబుల్ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. బొమ్మ బాగుంటుంది, ఏ ఫైలైనా ఆడుతుంది, సెట్టింగుల గొడవ లేదు. కానీ కంప్యూటర్ దగ్గర మనిషి ఉండాలి. ఇంటికి బంధువులు వచ్చిన రోజు గంటసేపు ఫొటోలు చూపించడానికి ఇంతకు మించింది లేదు, రోజూ వాడకానికి మాత్రం కాదు. విండోస్‌లో వైర్‌లెస్‌గా స్క్రీన్ పంపే పద్ధతి, క్రోమ్ బ్రౌజర్ నుంచి కాస్ట్ చేసే పద్ధతి కూడా ఈ కోవలోవే. కేబుల్ ఉండదు, మనిషి మాత్రం ఉండాల్సిందే.

పెన్‌డ్రైవ్ గురించి చిన్నచూపు వద్దు. చాలా ఇళ్లకు అదే సరిపోతుంది. అది ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదని గుర్తుంచుకుంటే చాలు. కొత్తగా ఏదన్నా చేర్చాలంటే పెన్‌డ్రైవ్ తీయాలి, కంప్యూటర్‌కు పెట్టాలి, మళ్లీ తెచ్చి టీవీకి పెట్టాలి. మా ఇంట్లో ఆ తీయడం పెట్టడం రెండు నెలలు నడిచి ఆగిపోయింది.

ఇక అసలు పోటీ డీఎల్‌ఎన్‌ఏకీ, జెల్లీఫిన్ లాంటి సర్వర్లకీ మధ్య.

డీఎల్‌ఎన్‌ఏ అంటే ఒక కంపెనీ టీవీ ఇంకో కంపెనీ కంప్యూటర్‌లోని ఫైళ్లను చూడగలగడానికి పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి. 2003లో ఏర్పడిన ఆ కూటమి 2017లో రద్దయిపోయింది, కానీ పద్ధతి ఇప్పటికీ టీవీల్లో ఉంది. విండోస్‌లో 'మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్' తెరిచి ఆన్ చేయాలి, వైఫై నెట్‌వర్క్‌ను 'ప్రైవేట్'గా మార్చాలి, అంతే. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. టీవీలో సోర్స్ బటన్ నొక్కితే కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. ఈ సులువు చూసి మొదట నేనూ దీన్నే పెట్టాను. మూడు వారాలు వాడాం.

ఇబ్బంది ఫైళ్ల దగ్గర మొదలైంది. డీఎల్‌ఎన్‌ఏలో కంప్యూటర్ చాలావరకు ఫైల్‌ను ఉన్నది ఉన్నట్టుగా టీవీకి అందిస్తుంది. దాన్ని ఆడించాల్సింది టీవీ. ఫోన్‌లో తీసిన ఎంపీ4 వీడియోలు హాయిగా ఆడాయి. పెళ్లి డీవీడీ కాపీ చేస్తే మాత్రం అందులో ఉన్నవి 1 జీబీ చొప్పున ముక్కలు చేసిన వీఓబీ ఫైళ్లు, ఒక్కోటీ సుమారు పాతిక నిమిషాలు. జీలకర్ర బెల్లం ఒక ముక్కలో, తలంబ్రాలు ఇంకో ముక్కలో. ఒకటి అయిపోగానే నల్ల తెర, మళ్లీ జాబితాలోకి వెళ్లి తర్వాతది వెతుక్కోవాలి. కొన్ని టీవీల్లో ఈ ఫైళ్లు అసలు జాబితాలోనే కనిపించవు. అంతకు ముందటి వీసీడీల్లోని డీఏటీ ఫైళ్ల సంగతీ అంతే.

రెండోది, మా టీవీలో డీఎల్‌ఎన్‌ఏ ద్వారా ఆడే వీడియోను ముందుకు జరపడం సరిగ్గా పనిచేసేది కాదు. ఎక్కడ ఆపామో గుర్తుండేది కాదు. మూడు గంటల పెళ్లి వీడియోను ఎవరూ ఒక్క విడతలో చూడరు కదా. అమ్మ ప్రతిసారీ గణపతి పూజ దగ్గర్నుంచే మొదలుపెట్టాల్సి వచ్చేది. చివరికి "ఎందుకులేరా, అది అప్పగింతల దాకా రాదు" అంది. నా నిర్ణయం ఆ మాటతోనే అయిపోయింది.

జెల్లీఫిన్ దారి వేరు. కంప్యూటర్‌లో ఒక సర్వర్, అంటే అడిగిన వీడియోను టీవీకి పంపే ప్రోగ్రామ్, నడుస్తుంది, టీవీలో దాని యాప్ ఉంటుంది. ఏ వీడియో ఎక్కడ ఆగిందో సర్వరే గుర్తుపెట్టుకుంటుంది. టీవీకి అర్థం కాని ఫైల్ అయితే అప్పటికప్పుడు మార్చి పంపిస్తుంది. 2018 డిసెంబర్‌లో ఎంబీ అనే సర్వర్ తన కోడ్‌ను మూసేసినప్పుడు, కొందరు దాని పాత కోడ్ తీసుకుని విడిగా మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు. ఖాతా కూడా మన ఇంట్లోనే, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందువల్ల బయట ఇంటర్నెట్ పోయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు, వీడియో ఆడుతుంది. మా వీధిలో ఫైబర్ కేబుల్ నెలకోసారి తెగుతుంది, సీరియల్ రాని ఆ సాయంత్రాలే అమ్మ పెళ్లి వీడియోలు పెట్టుకునేది.

పెట్టుకునేటప్పుడు రెండు సెట్టింగులు తప్పకుండా చూడండి. లైబ్రరీ రకం అడిగినప్పుడు 'మూవీస్' అని కాకుండా 'హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్' అని ఎంచుకోవాలి. నేను మొదట 'మూవీస్' అని ఇచ్చాను. పెళ్లి అన్న పేరు చూసి అక్క వీడియోకు ఏదో సినిమా పోస్టర్ తెచ్చి తగిలించింది. రెండోది ఇంకా ముఖ్యం. మామూలుగా అయితే వీడియోలో మొదటి 5 శాతం లోపు ఆపితే గుర్తుంచుకోదు, 90 శాతం దాటితే చూడటం అయిపోయినట్టు లెక్కేస్తుంది. మూడు గంటల వీడియోలో చివరి 10 శాతం అంటే 18 నిమిషాలు, అంటే సరిగ్గా అప్పగింతలు! అక్కడ ఆపితే మర్నాడు మళ్లీ మొదటికే వెళ్తుంది. డాష్‌బోర్డులో ప్లేబ్యాక్ కింద ఆ అంకెలు మార్చుకోవచ్చు. నేను 1, 98 పెట్టాను.

అప్పటికప్పుడు మార్చి పంపడమనే పనికి కంప్యూటర్‌లో కాస్త బలం కావాలి. ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్ లేదా ఆపైది అయితే ఇప్పటి ఫోన్లు తీసే హెచ్‌ఈవీసీ రకం వీడియోలను కూడా ప్రాసెసర్‌లోని వీడియో భాగమే చూసుకుంటుంది. అంతకంటే పాతదైతే నాలాగే చేయండి: ముందే ఒకసారి అన్నిటినీ మార్చి పెట్టుకోండి. మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో డీవీడీ ముక్కలన్నీ ఒకే ఫైల్‌గా తీశాను, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకోదానిలో టీవీలు ఆడించగల హెచ్.264 ఎంపీ4గా మార్చాను. రెండూ ఖర్చు లేకుండా దొరికేవే. పాత డీవీడీల్లో మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి, హ్యాండ్‌బ్రేక్‌లో 'డీఇంటర్‌లేస్' పెడితే అవి పోతాయి. నాలుగు డీవీడీలకు రెండు రాత్రులు పట్టింది. ఇలా మార్చాక టీవీ వాటిని నేరుగా ఆడించుకుంటుంది, లాప్‌టాప్ మీద భారం పడదు. నిజానికి ఇలా మార్చుకున్న ఇంటికి డీఎల్‌ఎన్‌ఏ కూడా ఇంతకు ముందుకంటే బాగా పనిచేస్తుంది, ఆపిన చోటు గుర్తుండదన్న లోటు తప్ప.

ప్లెక్స్ గురించి బావగారు ప్రత్యేకంగా అడిగారు. పని తీరు జెల్లీఫిన్ లాంటిదే, చూడ్డానికి ఇంకా నీటుగా ఉంటుంది, దాదాపు అన్ని కంపెనీల టీవీల్లోనూ యాప్ దొరుకుతుంది. మీ టీవీ స్టోర్‌లో జెల్లీఫిన్ లేకపోతే, టీవీకి తగిలించే స్టిక్ విడిగా కొనడం ఇష్టం లేకపోతే, ప్లెక్సే పెట్టుకోండి. నాకు నచ్చనివి రెండు. ఒకటి, వాళ్ల ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. రెండు, తెరవగానే మన వీడియోలతో పాటు వాళ్లు ప్రకటనలతో ఇచ్చే సినిమాలు, ఛానెళ్లు కూడా ఉంటాయి, అమ్మ వాటిలోకి వెళ్లి తప్పిపోతుంది. ఇల్లు దాటి బయట నుంచి చూడటానికి 2025 ఏప్రిల్ 29 నుంచి చందా కట్టాలి. బావగారు డాలస్ నుంచి తెనాలి లాప్‌టాప్‌లోని వీడియోలు చూడాలనుకుంటున్నారు కాబట్టి ఆయనకు ఆ చందా దండగ కాదు. జెల్లీఫిన్‌తో కూడా బయట నుంచి చూడొచ్చు, కానీ దూరంగా ఉన్న పరికరాలను ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది రెండు వైపులా పెట్టుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు కష్టమేమీ కాదు.

కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ యాప్ కూడా మంచిదే. ఆండ్రాయిడ్ టీవీలో వేసుకుంటే, సర్వర్ లేకుండానే కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌ను చదువుకుని దాదాపు ఏ ఫైలైనా ఆడిస్తుంది. మెనూలు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో ఒక్కొక్కరికీ ప్రొఫైల్ పెట్టుకోకపోతే ఎవరు ఎక్కడ ఆపారో విడిగా ఉండదు.

సర్వర్ అనగానే చాలామంది కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడతారు. లాప్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు 15 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజంతా ఉన్నా నెలకు 11 యూనిట్లు. అదే 60 వాట్ల డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు. అందుకే పాత లాప్‌టాపే మేలు. పైగా కరెంటు పోతే బ్యాటరీ ఉంటుంది కాబట్టి సర్వర్ ఆగదు. మూత మూసినా నిద్రపోకుండా పవర్ ఆప్షన్స్‌లో మార్చుకోవాలి. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది కనుక ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీయించేయండి.

మా ఇంట్లో ఒకసారి కరెంటు పోయి వచ్చాక టీవీ యాప్‌కు సర్వర్ దొరకలేదు. రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక లాప్‌టాప్‌కు వేరే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చింది, టీవీ పాత అడ్రస్ దగ్గరే వెతుకుతోంది. రౌటర్ సెట్టింగుల్లో లాప్‌టాప్‌కు ఒకే అడ్రస్ ఖాయం చేశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. లాప్‌టాప్‌ను రౌటర్‌కు వైర్‌తో కలిపితే ఇంకా మంచిది. వేగం గురించి బెంగ వద్దు: డీవీడీ వీడియోకు సెకనుకు 10 మెగాబిట్లు కూడా అక్కర్లేదు, ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములతో తీసిన 4కే వీడియోకే 50 పైచిలుకు కావాలి.

పాటల విషయంలో నాన్న క్యాసెట్లే నాకు పరీక్ష అయ్యాయి. ఒక్కో నాటకం రెండు మూడు క్యాసెట్లు, ఏ సైడ్, బీ సైడ్ విడి ఫైళ్లు. ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెడితే కొన్ని టీవీలు 1 తర్వాత 10 ఆడిస్తాయి, కాబట్టి 01, 02 అని పెట్టాలి. పిన్ని వాళ్ల పాత టీవీలో డీఎల్‌ఎన్‌ఏ ద్వారా చూస్తే తెలుగు పేర్ల స్థానంలో డబ్బాలు వచ్చాయి. మా ఆండ్రాయిడ్ టీవీలో జెల్లీఫిన్ యాప్ తెలుగును చక్కగా చూపిస్తుంది. ఆడిన ఊరు, సంవత్సరం తన చేతి రాతలో ఉన్నట్టే తెర మీద కనపడేసరికి నాన్న కళ్లజోడు సవరించుకుని అన్నీ ఒక్కొక్కటిగా చదివారు.

ఫొటోల దగ్గర మాత్రం జెల్లీఫిన్ అంత గొప్పగా లేదు. స్లైడ్‌షో సాదాగా ఉంటుంది, తేదీల వారీగా వెతకడం కష్టం. ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ ఫొటోలను చాలా టీవీలు చూపించవు, కెమెరా సెట్టింగుల్లో 'మోస్ట్ కంపాటబుల్' పెట్టుకుంటే ఇకమీదట తీసేవి జేపీజీగా వస్తాయి. పాతవి మార్చుకోవాలి. ఒకే ఫోల్డర్‌లో నాలుగు వేల ఫొటోలు పోస్తే ఏ పద్ధతిలోనైనా టీవీ ఆయాసపడుతుంది, సందర్భానికో ఫోల్డర్ చేయండి. మా ఇంట్లో ఫొటోలకు ఇప్పటికీ పెన్‌డ్రైవే వాడుతున్నాం, వాటిలో మంచివి ఏరి ఆరు వందలు పెట్టాను.

పిన్ని వాళ్లింట్లో ఉన్నవన్నీ ఫోన్ వీడియోలే, ఒక్కోటీ రెండు మూడు నిమిషాలు. ఆపిన చోటు గుర్తుండాల్సిన అవసరమే లేదు కాబట్టి ఆమెకు డీఎల్‌ఎన్‌ఏనే పెడుతున్నాను. మేడ మీద అద్దెకున్నవాళ్లదీ అదే వైఫై. అందుకని మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్‌లో పిన్ని టీవీ ఒక్కదానికే అనుమతి ఇచ్చి, మిగతావన్నీ 'బ్లాక్' చేయాలి. బాబాయి షష్టిపూర్తి వీడియో మాత్రం డీవీడీలో ఉందట. దసరాకి వెళ్లినప్పుడు దాన్ని మార్చి ఇస్తానని చెప్పాను.