జర్మన్‌కి ఏది మేలు: క్లాసా, యాపా, రోజూ మాట్లాడే మనిషా?

నెల్లూరులో నర్సింగ్ చదివిన పిల్లల నోట ఇప్పుడు జర్మనీ మాట తరచుగా వినిపిస్తోంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ అడుగుతారు. భాషలో మెట్లు ఎ1, ఎ2, బి1, బి2 అని పైకి పోతాయి, బి2 నాలుగోది. "అక్కా, కోచింగ్‌లో చేరాల్సిందేనా, ఫోన్‌లో నేర్చుకుంటే చాలదా?" అని మా జూనియర్లు అడుగుతుంటారు. నేను రెండు దారుల్లోనూ నడిచాను. బి1 పాసయ్యాను. తర్వాత కాగితాల పని ఆగిపోయి ఎనిమిది నెలలు పుస్తకం ముట్టలేదు, సగం మరిచిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

యాప్ మొదటి నెలకు బాగా పనికొస్తుంది. అంకెలు, వారాలు, పలకరింపులు నైట్ డ్యూటీ మధ్యలో పది నిమిషాలు దొరికినా నేర్చుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, అది నాలుగు జవాబులు చూపించి ఒకటి నొక్కమంటుంది. చూసి గుర్తుపట్టడం వేరు, ఏమీ చూడకుండా నోటితో చెప్పడం వేరు. తెలుగులో వస్తువంటే 'అది', అంతే. జర్మన్‌లో ప్రతి వస్తువు పేరుకూ ముందు ఒక చిన్న మాట తగిలించాలి, అది పేరును బట్టి మారుతుంది: బల్లకు 'డేర్', దీపానికి 'డీ', పుస్తకానికి 'డాస్'. స్క్రీన్ మీద అన్నీ కరెక్టుగా నొక్కిన నేను పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడితే ఏ మాట తగిలించాలో తోచలేదు. ఉచ్చారణ కూడా అంతే. జర్మన్‌లో 'అందమైన' అని చెప్పే మాట (schön)లోని అచ్చు మనకు లేదు. నాలుకను 'ఏ' అనేటప్పుడు పెట్టినట్టు పెట్టి, పెదాలను 'ఓ' అన్నట్టు చుట్టాలి. మామూలు 'ఓ'తో పలికితే అది 'ఇప్పటికే' అని అర్థమిచ్చే వేరే మాట (schon) అవుతుంది. ఈ తేడా నాకు చెప్పింది యాప్ కాదు, మా మేడమ్.

క్లాసు బలం అదే, తప్పును అక్కడికక్కడే దిద్దుతారు. 'ఎందుకంటే' అని చెప్పే వాక్యంలో క్రియ చివరికి పోతుందనే నియమానికి అందరం భయపడ్డాం. "ఇష్ కొమ్మె నిష్ట్, వైల్ ఇష్ నఖ్ట్‌డీన్స్ట్ హాబె" అని మేడమ్ బోర్డు మీద రాసి, కింద "నైట్ డ్యూటీ ఉంది కాబట్టి రాను" అని రాసింది. 'హాబె' చివర ఉంది, మన 'ఉంది' కూడా ఆ ముక్కకు చివరే ఉంది. తెలుగు వాళ్లకు ఇది ఇంట్లో మాటే అని ఆరోజు అర్థమైంది.

కానీ క్లాసులో 30 మంది ఉంటే గంటలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దక్కుతాయి. పైగా "మూడు నెలల్లో బి1" అనే ప్రకటనలను నమ్మి డబ్బు కట్టకండి. బి1కి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 దాకా పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థే చెబుతోంది. తక్కువ లెక్క తీసుకున్నా 262 గంటలు. రోజుకు గంట చదివితే దాదాపు తొమ్మిది నెలలు. గోథే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. ఒక భాగం పోతే దాన్ని మాత్రమే మళ్లీ రాయొచ్చు. మనకు దగ్గరలో ఉన్న గోథే సెంటర్ చెన్నై మాక్స్ ముల్లర్ భవన్.

ఇక మూడోది, మనిషి. ఆత్మకూరు దగ్గర మా పెద్దమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. కువైట్‌లో ఒక ఇంట్లో 11 ఏళ్లు పనిచేసి, ఏ పుస్తకం లేకుండా అరబీ నేర్చుకుంది. అరబీలో బోర్డు చదవలేదు, మాట్లాడితే మాత్రం తడబడదు. తిరిగొచ్చి ఆరేళ్లయినా భాష పోలేదు. అక్కడ తనతో పనిచేసిన శ్రీలంక ఆమెతో ప్రతి శుక్రవారం ఫోన్‌లో మాట్లాడుతుంది. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష అరబీ ఒక్కటే మరి! "షలోనక్" అన్న పలకరింపుకు అక్షరాలా 'నీ రంగెలా ఉంది' అని అర్థమట, ఆమే చెప్పింది. సర్టిఫికెట్ ఉన్న నేను ఎనిమిది నెలల్లో పోగొట్టుకున్నదాన్ని ఆమె ఆరేళ్లు నిలుపుకుంది.

కాబట్టి నా మాట ఇది. ఎ1, ఎ2లకు క్లాసే మేలు, పునాదిలో తప్పు పడితే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం. బి1 నుంచి డబ్బు, సమయం ఎక్కువగా మాట్లాడే మనిషి మీద పెట్టండి. యాప్‌ను మాటలు గుర్తుంచుకోవడానికే వాడండి. దానికి అంకీ అనే యాప్ మంచిది, మరిచిపోయే సమయానికి అదే మాటను మళ్లీ ముందుకు తెస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఉదయగిరి, కనిగిరి వైపు క్లాసు అందని వాళ్లు జర్మనీ ప్రసార సంస్థ డాయిచ్ వెల్లె వారి ఉచిత ఆన్‌లైన్ కోర్సు 'నికోస్ వేగ్' పట్టుకోండి, ఎ1 నుంచి బి1 దాకా ఉంది. దానితో పాటు వారానికి ఒక గంటైనా ఆన్‌లైన్‌లో దిద్దే టీచర్ ఉండాలి.

నేను ఇప్పుడు కోవూరు నుంచి బస్సులో వస్తూ డాయిచ్ వెల్లె వారి నెమ్మదిగా చదివే వార్తలు వింటాను. పెన్నా బ్రిడ్జి దాటే లోపు విన్నదాంట్లో మూడు వాక్యాలు మెల్లగా పైకి చెప్పుకుంటాను. బుధ, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదికి ఒంగోలులో ఉన్న జూనియర్‌తో అరగంట ఫోన్, అంతా జర్మనే. తెలుగు దొర్లితే ఆ మాటను జర్మన్‌లో చెప్పేదాకా ముందుకు పోము. పోయిన వారం పేషెంట్ ఆయాసం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. వెతికితే 'ఆటెమ్‌నోట్' అని దొరికింది. మర్నాడు వార్డులో ఆయాసపడుతున్న పెద్దాయనకు దిండు ఎత్తుగా సర్దుతుంటే ఆ మాట దానంతటదే నోట్లోకి వచ్చింది.