బ్రిక్స్‌టన్ జైలులో మధ్యాహ్న భోజనం

చిప్పకూడు అన్న మాట వింటూ పెరిగినవారికి, దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలు గోడల లోపల, ఒకప్పుడు జైలు గవర్నరు (జైలు ప్రధానాధికారి) నివసించిన భవనంలో నడుస్తున్న ‘ద క్లింక్’ రెస్టారెంటుకు డబ్బిచ్చి భోజనానికి వెళ్ళడం కొంత విచిత్రంగానే ఉంటుంది. మనం జైలును శ్రీకృష్ణ జన్మస్థానం అని చమత్కరించినట్లే అక్కడివారు క్లింక్ అంటారు. పూర్వం లండన్‌లోని సదర్క్ ప్రాంతంలో ఆ పేరుతో ఒక కారాగారం ఉండేది.

ఇక్కడ వండేవారూ వడ్డించేవారూ శిక్ష అనుభవిస్తున్న ఖైదీలే. సర్రేలోని హై డౌన్ జైలులో వంటశాల బాధ్యతలు చూసిన అల్బెర్టో క్రిసీ ఆలోచనతో 2009లో అక్కడ మొదటి రెస్టారెంటు వెలిసింది. బ్రిక్స్‌టన్‌లోనిది 2014లో ప్రారంభమైంది. దారిన పోతూ లోపలికి అడుగుపెట్టే వీలు లేదు: ముందుగా బుక్ చేసుకోవాలి, ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపాలి, ఫోను లోపలికి తీసుకువెళ్ళకూడదు. మద్యం దొరకదు. ఎంతో శ్రద్ధగా అలంకరించిన పళ్ళెం ముందు ప్లాస్టిక్ కత్తీ ఫోర్కూ పెడతారు. చేత్తో తినే అలవాటున్న మనకు అదేమంత లోటుగా తోచదు.

అసలు చెప్పుకోవలసినది శిక్షణ గురించి. విడుదలకు ఇంకా 6 నుంచి 18 నెలల గడువున్నవారిని ఎంపిక చేసి, వంటలోనూ వడ్డనలోనూ, వృత్తి నైపుణ్యాలకు గుర్తింపునిచ్చే బ్రిటిష్ సంస్థ సిటీ అండ్ గిల్డ్స్ అర్హత పత్రాలకు తగినట్లు తీర్చిదిద్దుతారు. వందలమందికి ఒక్కసారిగా వండిపోసే జైలు వంటశాలలో ఈ పని నేర్పడం సాధ్యం కాదు. బల్ల దగ్గర ఒక అపరిచితుడు కూర్చుని వేడి వేడి సూపు కోసం ఎదురుచూస్తున్నప్పుడే సమయపాలన, మాటతీరు, తోటివారితో సర్దుకుపోవడం అలవడతాయి. సంవత్సరాల తరబడి ఖైదీ సంఖ్యతోనే గుర్తింపు పొందిన మనిషికి, బయటినుంచి వచ్చినవారు ‘వంట బాగుంది’ అని ముఖం చూసి చెప్పడం చిన్న విషయం కాదు.

అయితే, నా దృష్టిలో, క్లింక్ సంస్థ చేసే పనిలో అతి విలువైనది అతిథులకు కనిపించదు. విడుదలైన తరువాత కూడా ఒక మార్గదర్శి వెంట ఉండి, హోటళ్ళలో ఉద్యోగం, ఉండటానికి ఇల్లు, బ్యాంకు ఖాతా వంటివి సమకూర్చుకోవడంలో తోడ్పడతారు. రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి చేయవలసిన ఈ వృత్తిలో, నేరచరిత్ర లేనివారే నిలదొక్కుకోలేక తప్పుకుంటున్నప్పుడు, ఆ తోడు లేకుండా చేతికిచ్చిన అర్హత పత్రం ఎంతకాలం అక్కరకు వస్తుందన్నది సందేహమే.

రుచి కోసమే వెళ్ళినా నష్టం లేదు. గేటు దగ్గర తనిఖీకి పట్టే సమయాన్ని మాత్రం కలుపుకొని బయలుదేరాలి.